ఉమ్మడి గంట

ఈ ప్రణాళిక రాయడానికి మాకు పదకొండు నెలలు పట్టింది. మాటలు సులువుగానే దొరికాయి. కలుసుకునే వేళే దొరకలేదు.

మాలో సెంట్రింగ్ పనివాళ్లున్నారు, బండి మీద తిండి మోసేవాళ్లున్నారు, నాలుగిళ్లలో పనిచేసే అక్కలున్నారు, రాత్రి క్యాబ్ నడిపే డ్రైవర్లున్నారు. ఔట్‌సోర్సింగ్ మీద దవాఖానాలో వార్డులు ఊడ్చేవాళ్లు, బట్టల షాపులో నిలబడే ఆడపిల్లలు, ప్రాజెక్టు అయిపోయి బెంచ్ మీద ఉన్న సాఫ్ట్‌వేర్ పిల్లలు ఉన్నారు. అందరం హైదరాబాద్‌లోనే ఉంటాం. కొందరిది ఒకటే గల్లీ. అయినా ఒక గంటసేపు అందరం ఒకచోట కూర్చుందామంటే ఆ గంట ఈ నగరంలో లేదు. ఆదివారం అందామా, తిండి మోసేవాళ్లకు అదే గిరాకీ రోజు. ఆ రోజు లాగిన్ కాకపోతే వారం ఇన్సెంటివ్ పోతుంది. రాత్రి అందామా, డ్రైవర్లు అప్పుడే డ్యూటీ ఎక్కుతారు. పొద్దున అక్కలకు గిన్నెల వేళ. షాపు పిల్లలకు పండగ నెలల్లో వారపు సెలవు కూడా ఉండదు.

ఈ వెతుకులాటలోనే మా ఉద్యమం దేనికోసమో మాకు తేటపడింది. కూలి తక్కువని, అద్దె ఎక్కువని, రేపటి పనికి భరోసా లేదని మాకు ముందే తెలుసు. వీటన్నిటికంటే ముందు మన చేతుల్లోంచి జారిపోయింది కలిసి ఉండే కాలమని అప్పుడే తెలిసింది. మన భాషలో గంట అంటే కాలం, గంట అంటే మోగేది కూడా. అది మోగితే అందరికీ ఒకేసారి వినబడుతుంది. అలాంటి ఒక ఉమ్మడి గంటను ఈ నగరంలో నెలకొల్పడానికి మేము బయలుదేరాం. చదువుతున్న మీరు మాతో నడుస్తారన్న నమ్మకంతో, మేము గట్టిగా పట్టుకున్న సంగతులను మీ ముందు పెడుతున్నాం.

1

మనిషి ఒంటరిగా తన పేరు తాను పెట్టుకోలేడు. నలుగురితో కలిసి గడిపిన కాలమే అతనికి పేరు పెడుతుంది.

సిటీ బస్సెక్కి స్టాపుల పేర్లు వినండి. ఆల్విన్, ఐడీపీఎల్, డీబీఆర్ మిల్స్, ఈసీఐఎల్. ఇవన్నీ జనం పనిచేసిన చోట్ల పేర్లు. 1942లో మొదలైన ఆల్విన్ కంపెనీ బస్సులకు బాడీలు కట్టింది, ఫ్రిజ్‌లు చేసింది, వాచీలు చేసింది. ఆ కంపెనీ పోయి ఏళ్లు గడిచినా పేరు మాత్రం క్రాస్ రోడ్డుగా నిలిచింది. వరంగల్ వాళ్లకు 1934 నాటి ఆజంజాహీ మిల్లు అలాంటిదే. సైరన్ మోగితే జనం ఒకేసారి లోపలికి పోయేవారు, ఒకేసారి బయటికి వచ్చేవారు. ఆ బయటికి వచ్చే వేళలోనే చిట్టీలు, పరపతి సంఘాలు, నాటకాలు, ఆటల జట్లు, యూనియన్లు పుట్టాయి. మఖ్దూం మొహియుద్దీన్ ఈ నగరంలో సంఘాలు కట్టినప్పుడు ఆయన ముందు కూర్చున్న కార్మికులు ఒకే వేళకు పని దిగి వచ్చినవాళ్లు.

ఆ ఫ్యాక్టరీ రోజుల్ని తిరిగి తెమ్మని మేము అడగడం లేదు. లోపల పర్మినెంటు, బయట కాంట్రాక్టు అన్న గీత అప్పుడే పడింది. 1970లోనే కాంట్రాక్టు కార్మికులకోసం చట్టం చేయాల్సి వచ్చిందంటే ఆ గీత ఎంత పాతదో ఊహించుకోవచ్చు. ఆ గేటు లోపల ఆడవాళ్లు బహు కొద్దిమంది. అక్కడినుంచి మేము తీసుకునేది ఒక్కటే: ఒక వేళను పంచుకున్న జనం ఒక చోటుకు పేరు పెట్టగలిగారు. ఇవాళ రోజుకు పన్నెండు గంటలు మనం పనిచేసే యాప్ పేరు మీద రేపు ఏ బస్టాపూ వెలవదు. దానిలోకి మనం కలిసి వెళ్లం, కలిసి బయటికీ రాం.

2

పేరు పనికంటే ముందుది. పని పోతే పేరు పోకూడదు.

మాలో ఇద్దరు కొండాపూర్ దగ్గర ఒక ఫ్లైఓవర్ నీడలో పద్నాలుగు నెలలు పక్కపక్కన బండ్లు ఆపుకున్నారు. ఒకరి పవర్‌బ్యాంక్ ఇంకొకరు వాడుకున్నారు. వాన పడితే ఒకే కవరు కింద రెండు ఫోన్లూ దాచుకున్నారు. "అన్నా" అంటే "అన్నా" అనుకుంటూనే అన్ని నెలలు గడిచాయి. ఒకనాడు ఒకరు రాలేదు. మర్నాడూ రాలేదు. రెండోవారు ఎవరినని అడగాలి? పేరు తెలియదు, ఇల్లు తెలియదు, నంబరు లేదు. ఎర్ర బండి మీద వచ్చే అన్న ఏమయ్యాడని యాప్‌ను అడిగితే జవాబు రాదు. మూడు వారాలకు ఆయన కనిపించాడు. తండ్రి చనిపోతే నారాయణపేట వైపు ఊరికి వెళ్లి, పదకొండో రోజు దాకా ఉండిపోయాడు. తిరిగొచ్చేసరికి ఐడీ బ్లాక్ అయింది. బండి ఉంది, సంచి ఉంది, లైసెన్సు ఉంది, మనిషి మాత్రం లెక్కలో లేడు. "నేను సచ్చిపోయినా నీకు తెల్వకపోవు గద అన్నా" అన్నాడు. అప్పుడు ఇద్దరూ పేర్లు చెప్పుకున్నారు. మా పేర్ల పుస్తకంలో మొదటి రెండు పేర్లు అవే.

అపార్ట్‌మెంట్ గేటు దగ్గర గార్డు మా పేరు అడగడు, కంపెనీ పేరు అడుగుతాడు. అతన్నేమీ అనడం లేదు. అతనూ ఏజెన్సీ మనిషే, అతని చొక్కా మీద ఉన్నదీ ఏజెన్సీ పేరే.

2020లో చేసి, 2025 నవంబర్ 21న అమల్లోకి తెచ్చిన సామాజిక భద్రత కోడ్‌లో గిగ్ వర్కర్‌కు నిర్వచనం ఉంది. సంప్రదాయమైన యజమాని, ఉద్యోగి సంబంధానికి వెలుపల పనిచేసి సంపాదించే మనిషి అని దాని సారం. చట్టంలో ఆ మాట చేరడానికి పోరాడినవాళ్లకు మేము రుణపడి ఉన్నాం. అయినా ఆ "వెలుపల" దగ్గర మా చూపు ఆగిపోయింది. దేనికి చెందమో చెప్పి మమ్మల్ని గుర్తుపట్టారు. నీతి ఆయోగ్ 2022 నివేదిక ప్రకారం 2020-21లో ఇలాంటివారు దేశంలో 77 లక్షలు, 2029-30 నాటికి 2.35 కోట్లవుతారు. ఇన్ని కోట్లమందిని వెలుపల నిలబెట్టిన ఇంటికి లోపల అంటూ ఎంత మిగులుతుంది? మేము ఎవరమో చెప్పే పని మాదే. మేము ఆ పని మొదలుపెట్టాం.

3

కూర్చునే చోటు లేని జనానికి సంఘం ఉండదు.

తెల్లవారి ఆరున్నరకే కూకట్‌పల్లి కూలీల అడ్డా నిండుతుంది. పార, తట్ట, తాపీ, రంగు బ్రష్షు. నాలుగింటికి లేచి వండిన సద్ది స్టీలు డబ్బాలో ఉంటుంది. ఒక బైకు ఆగగానే పదిమంది చుట్టూ మూగుతారు. "ఇద్దరు కావాలె, మట్టి పని." "ఎంతిస్తవ్ సారూ?" బేరం తెగుతుంది, ఇద్దరు ఎక్కుతారు, ఎనిమిదిమంది వెనక్కి జరుగుతారు. పది దాటితే ఇక ఎవరూ రారు. మిగిలినవాళ్లు ఇంటిదారి పడతారు. ఆ డబ్బా మూత దారిలో ఎవరూ తీయరు. పనికాడ తినే అన్నాన్ని ఇంట్లో కూర్చొని తింటే గొంతు దిగదంటుంది మాలో ఒక అక్క. సాయంత్రం బడినుంచి వచ్చిన పిల్లలు డబ్బా ఎత్తి చూసి, ఆ బరువుతోనే అమ్మకు ఇవాళ పని దొరికిందో లేదో కనిపెడతారట.

ఆ మూడున్నర గంటలూ వాళ్లు నిలబడే ఉంటారు. కూర్చుంటే మేస్త్రీ కంటపడరు. షాపు మెట్ల మీద కూర్చుంటే లేపుతారు. పక్కన మరుగుదొడ్డి లేదు కాబట్టి ఆడవాళ్లు పొద్దున్నుంచి నీళ్లు తాగరు. ఇక బట్టల షాపులో పనిచేసే పిల్ల పన్నెండు గంటలు చీరల ముందు నిలబడుతుంది. కౌంటర్ వెనక స్టూలు ఉండదు. కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణాల చట్టాలు సవరించి షాపుల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే హక్కు రాశాయి. చట్టం చేస్తేగాని కూర్చోవడం కుదరని కాలం మనది. ఆ హక్కు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రావాలి.

అంతటితో ఆగం. ప్రతి అడ్డాకు ఒక గది కావాలి. నీడ, బెంచీ, నీళ్లు, ఆడవాళ్లకు మరుగుదొడ్డి, ఫోన్ చార్జింగు, గోడకు ఒక నల్లబల్ల. చెన్నై నగరపాలక సంస్థ 2025లో డెలివరీ పనివాళ్లకోసం ఏసీ విశ్రాంతి గదులు తెరిచింది కాబట్టి ఇది జరగని పని అని ఎవరూ అనలేరు. ఒక చాయ్ మీద రెండు గంటలు కూర్చోనిచ్చిన ఇరానీ హోటళ్లు ఈ నగరానికి ఎన్ని స్నేహాలను, ఎన్ని పత్రికలను, ఎన్ని ఉద్యమాలను ఇచ్చాయో పాతవాళ్లనడగండి. ఇప్పుడు చాయ్ నిలబడి తాగుతున్నాం. కప్పు చల్లారకముందే ఫోన్ మోగుతుంది.

4

భద్రత మనిషి వెంట నడవాలి. యజమాని గుమ్మం దగ్గర ఆగిపోయే భద్రత, గుమ్మానికో రోజు పనిచేసేవాళ్లకు ఎన్నటికీ అందదు.

దీనికి దారి ఎప్పుడో వేశారు. మహారాష్ట్రలో 1969లో మాథాడీ చట్టం వచ్చింది. బస్తాలు మోసే హమాలీకి ఒక్క యజమాని ఉండడు. పొద్దున ఒక కొట్టు, మధ్యాహ్నం ఇంకో కొట్టు. ఆ చట్టం హమాలీని ఒక బోర్డులో నమోదు చేసింది. మోయించుకున్న వ్యాపారి కూలితోపాటు లెవీ కూడా ఆ బోర్డుకే కట్టాలి. అందులోంచి పీఎఫ్, బోనసు లాంటివి హమాలీకి అందుతాయి. రోజుకు నలుగురు యజమానులున్న మనిషికి కూడా ముసలితనంలో ఆసరా ఉండవచ్చని అర్ధ శతాబ్దం కిందటే రుజువైంది. 2023లో రాజస్థాన్ యాప్ పనివాళ్లకోసం దేశంలో మొదటి చట్టం చేసింది. కర్ణాటక 2025లో ఆ దారి పట్టింది. తెలంగాణ అదే ఏడాది ముసాయిదా వెలువరించింది.

భవన నిర్మాణ కార్మికులకు 1996లోనే చట్టం వచ్చింది. కట్టడం ఖర్చులో ఒక శాతం సెస్సు వారి సంక్షేమానికి పోవాలి. అయితే బోర్డులో పేరు నమోదు కావాలంటే గడిచిన ఏడాదిలో 90 రోజులు పని చేసినట్టు చూపాలి. అడ్డా కూలీకి ఆ 90 రోజుల్లో 60 మంది యజమానులుంటారు. ఎవరి సంతకం తేవాలి? మా సమాధానం ఇది: తోటి కూలీల సంతకం చెల్లాలి. పొద్దున్నే పక్కన నిలబడినవాళ్లకంటే పెద్ద సాక్షి ఎవరూ లేరు. మా అడ్డా పుస్తకంలో ఆ సాక్ష్యాన్ని రోజూ రాసి పెడతాం. అది చెల్లేదాకా అధికారుల బల్ల మీద పెడుతూనే ఉంటాం.

5

మేము ఊరికి వెనక్కి పోము.

పని లేనప్పుడల్లా నగరం మనల్ని ఊరికి పొమ్మంటుంది. 2020 మే 1న తెల్లవారుజామున లింగంపల్లి స్టేషన్ నుంచి జార్ఖండ్‌లోని హటియాకు ఒక రైలు కదిలింది. లాక్‌డౌన్‌లో దేశంలో నడిచిన మొదటి శ్రామిక్ రైలు అది. అందులో సుమారు 1,200 మంది ఎక్కారు. సంగారెడ్డి దగ్గర కందిలో ఐఐటీ కట్టడాల పనికి వచ్చినవాళ్లు. ఆ రోజు మే డే. ఈ నగరం వాళ్ల చేతిపనిని తన దగ్గరే ఉంచుకుని వాళ్లను పంపేసింది. అంతకు ముందు తరాల్లో పాలమూరు జనం దేశమంతా తిరిగి ఆనకట్టలకు మట్టి మోశారు; ఆఖరికి పాలమూరు లేబర్ అని ఒక జిల్లా పేరే కూలీకి మారుపేరైంది. మనిషికి పేరు లేకపోయినా కూలికి మాత్రం పేరు దొరికింది.

అయినా ఊరు మా ఆదర్శం కాదు. గ్రామాన్ని భారతీయ ఆదర్శంగా నిలపడాన్ని 1948 నవంబర్‌లో రాజ్యాంగ సభలో అంబేద్కర్ తోసిపుచ్చారు. మాలో సగంమంది అమ్మమ్మలు, తాతలు ఆ మాట చదవకుండానే ఎరుగుదురు. ఊరుమ్మడి అన్నప్పుడు అందులో వాడ ఉండేది కాదు. ఎవరు అరుగు మీద కూర్చోవాలి, ఎవరు కింద నిలబడాలి అన్నది పుట్టుకతోనే తేలిపోయేది. నగరంలో ఎవరూ మనల్ని ఎరగకపోవడం మొదట్లో చల్లగాలిలా తగిలింది. ఆ స్వేచ్ఛను మేము వదులుకోం. అయితే నగరం ఆ మాట కూడా సగమే నిలబెట్టుకుంది. టు-లెట్ బోర్డు కింద ఓనరు మొదట ఉద్యోగం ఏమిటంటాడు, తర్వాత "మీరేమిట్లు?" అంటాడు. రక్షణ పరికరాలు లేకుండా మ్యాన్‌హోల్‌లోకి మనిషిని దింపడాన్ని నిషేధిస్తూ 2013లో చట్టం వచ్చినా, దిగి ఊపిరాడక పోయినవాళ్ల వార్తలు ఆగలేదు. ఆ వార్తల్లోని ఇంటిపేర్లు ఏ వాడలవో అందరికీ తెలుసు.

కాబట్టి మేము కట్టే ఉమ్మడి కొత్తది. అందులో "మీరేమిట్లు" అన్న ప్రశ్న ఉండదు. తానెవరో తలెత్తి చెప్పుకోదలచినవాళ్లు చెప్పుకోవచ్చు, దాచుకోవాల్సిన అవసరం మాత్రం ఎవరికీ రాకూడదు.

6

ఉమ్మడి గంట ఆడవాళ్లది కాకపోతే అది ఎవరిదీ కాదు.

ఒక గంట కలిసి కూర్చుంటే ఏమవుతుందని అడిగేవాళ్లకు మేము నెల్లూరు జిల్లా దూబగుంట పేరు చెబుతాం. 1990ల మొదట్లో అక్కడ అక్షరాస్యత ఉద్యమం రాత్రి బళ్లు పెట్టింది. రోజంతా పొలంలో వంగిన ఆడవాళ్లు రాత్రి ఒక గంట లాంతరు కింద చేరారు. అక్షరాలు దిద్దుతూ తమ ఇళ్ల కథలు చెప్పుకున్నారు. అన్ని కథల్లోనూ సారా ఉంది. ఇంట్లో ఉన్నంతకాలం ఎవరి ఖర్మ వారిదే అనుకున్నది, ఆ గంటలో అందరిదీ ఒకటే అయింది. 1992లో వాళ్లు సారా దుకాణం మీదికి నడిచారు. 1993లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. ఆ ఊపులోనే నెల్లూరు పల్లెల్లో పొదుపు సంఘాలు పుట్టి ఇంటింటికీ చేరాయి. ఇదంతా ఒక గంట నుంచే.

నగరంలో అలాంటి గంట ఆడవాళ్లకు ఇంకా దూరం. నాలుగిళ్ల పని ముగించి వచ్చిన అక్కకు ఐదో ఇల్లు తనది. నీళ్లు వచ్చే వేళ ఆమెది, పిల్లల వేళ ఆమెది, మర్నాటి కూరగాయల వేళ ఆమెదే. అందుకే మా సంఘంలో ఒక నియమం పెట్టుకున్నాం. ఉమ్మడి గంటలో వంట, నీళ్లు, పిల్లలు మగవాళ్ల బాధ్యత. మీటింగుకు పిల్లల్ని తెచ్చినా ఎత్తుకునేది మగవాళ్లే, వంతులవారీగా. ఈ నియమం దగ్గర మాలో కొందరు అన్నలు గొణిగారు. నియమం మాత్రం మారలేదు.

7

అస్థిరతకు ఇస్త్రీ చొక్కా తొడిగినా అది అస్థిరతే.

"ఏం చేస్తున్నవ్?" అని ఊళ్లో ఎవరైనా అడిగితే "ప్రిపేర్ అయితున్న" అని ఆరేళ్లుగా చెబుతున్న తమ్ముళ్లు అశోక్‌నగర్ గదుల్లో ఉన్నారు. నోటిఫికేషన్ పడేదాకా వాళ్లకు వేరే పేరు లేదు. మాదాపూర్ హాస్టల్లో ముగ్గురు ఒక గదిలో ఉంటారు, మూడు షిఫ్టులు కాబట్టి ముగ్గురూ మెలకువగా ఒకరినొకరు చూసుకునేది నెలకు నాలుగుసార్లు. న్యూజెర్సీలో హెచ్-1బీ మీద ఉన్న చెల్లెలికి ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకోటి చూసుకోవాలి. లేదంటే పదేళ్లుగా కట్టుకున్న ఇల్లు, పిల్లల బడి, ఇరుగుపొరుగు అన్నీ పెట్టెల్లో సర్దాలి. జగిత్యాల నుంచి గల్ఫ్‌కు పోయి, అకామా (నివాస అనుమతి పత్రం) చేతిలో లేకుండా పనిచేసే అన్నను అక్కడి మనవాళ్లు ఖల్లివెల్లి అంటారు. ఇందరి జీతాల మధ్య ఆకాశమంత తేడా ఉంది. దాన్ని దాచం, సమానమని చెప్పి ఎవరినీ మోసగించం. అయినా రేపటి మీద నమ్మకం లేని మనిషి పొరుగువాడితో పరిచయం పెంచుకోవడానికి వెనకాడుతాడు. ఎలాగూ పోయేవాళ్లమే కదా అనుకుంటాడు. ఆ వెనుకాటు అందరిదీ ఒకటే.

ఆ పరిచయానికి దొరికే కాలం కూడా తగ్గుతోంది. 2025లో రెండు తెలుగు రాష్ట్ర ప్రభుత్వాలూ రోజువారీ పని పది గంటల దాకా సాగడానికి వీలు కల్పించాయి. పని గంటలు పెంచాలన్నప్పుడు తెలంగాణలో ఒక్క సంతకం చాలింది. మా గంటకూ ఒక సంతకం కావాలి.

8

మేము కోరే నగరం మా కళ్లకు స్పష్టంగా కనబడుతోంది.

అక్కడ నెలకు ఒక గంట ప్రతి పనిచేసే మనిషికీ కూలితో కూడిన ఉమ్మడి గంటగా చట్టంలో ఉంటుంది. ఆ గంటలో యాప్‌లు ఆర్డరు తీసుకోవు, లాగిన్ కానందుకు రేటింగు తగ్గదు. సైటు దగ్గర కాంక్రీటు మిక్సరు ఆగుతుంది. షాపుల షట్టర్లు సగం దిగుతాయి, చీరల ముందు నిలబడ్డ పిల్ల బయటికి వచ్చి ఎండ చూస్తుంది. దవాఖానాలు, అంబులెన్సులు నడుస్తూనే ఉంటాయి. వాటిని నడిపేవాళ్లకు వేరే గంట ఉంటుంది. నగరం చప్పుడు తగ్గినప్పుడు ఒక గల్లీలోనివాళ్లకు పక్క గల్లీవాళ్ల మాటలు వినబడతాయి.

ఆ నగరంలో మెట్రో పిల్లర్లకు నంబర్లతో పాటు పేర్లుంటాయి. ఇప్పుడు ఆ పిల్లర్ల నంబర్లతోనే మనం అడ్రసులు చెప్పుకుంటున్నాం. ఫలానా పిల్లరు పక్కన సందు, రెండో బిల్డింగు అంటాం. ఆ పిల్లరుకు ఇనుము కట్టిన చేతులు ఎవరివో ఎవరికీ తెలియదు. ఇకమీద కట్టే ప్రతి వంతెనకూ, దవాఖానకూ, బడికీ ప్రారంభోత్సవం చేసినవారి పేరున్న శిలాఫలకం మీదే కట్టినవాళ్ల పేర్లు కూడా చెక్కాలి. రాయి మీద చోటు చాలకపోతే ఇంకో రాయి పెట్టాలి.

అక్కడ బడి ఫారంలో తల్లిదండ్రుల వృత్తి అన్న గడి దగ్గర పిల్లల పెన్ను తడబడదు. కొత్తగా నగరంలో దిగినవాళ్లకు మొదటి రాత్రి అడ్డా గదిలో చోటు దొరుకుతుంది, మర్నాడు పుస్తకంలో పేరు ఎక్కుతుంది. ఇల్లు మారితే పేరు కొత్త బస్తీ పుస్తకానికి బదిలీ అవుతుంది, పాత బస్తీవాళ్లు వచ్చి అప్పగించి వెళతారు, అత్తింటికి పంపినట్టు. జబ్బు పడితే వంతు ప్రకారం అన్నం వస్తుంది. చనిపోతే మోయడానికి నలుగురికి వెతకాల్సిన పని ఉండదు. ఈ ఆఖరి మాట రాసినప్పుడు మా గదిలో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

9

మేము నడిచే పద్ధతి.

మా మొదటి నియమం అన్నిటికంటే చిన్నది: పుస్తకంలో పేరున్న మనిషి రెండు రోజులు కనిపించకపోతే ముగ్గురు వెతుక్కుంటూ వెళ్లాలి. మిగతా నియమాలన్నీ దీని తర్వాతే.

మూడు నెలలకు మించి ఎవరూ కన్వీనరుగా ఉండరు. చందా నెలకు పది రూపాయలు, పని దొరకని నెల చందా బాకీ పడదు. మీటింగులో తెలుగు, ఉర్దూ, హిందీ, ఒడియా, లంబాడీ ఏ భాషలోనైనా మాట్లాడవచ్చు, పక్కనున్నవాళ్లు తర్జుమా చేస్తారు. సభ్యులకు ఎవరి పార్టీ వాళ్లకుండవచ్చు, గంటకు మాత్రం జెండా లేదు. ఇప్పటికే ఉన్న యూనియన్లు మాకు పెద్దలు. వాళ్లు పరిశ్రమను బట్టి జనాన్ని కూడగడతారు, మేము బస్తీని బట్టి కూడగడతాం. సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగం 19వ అధికరణంలో ఉంది. దానికి ఎవరి అనుమతీ అడగం.

ఈ ఉద్యమానికి పేరు ఇంకా పెట్టలేదు. బిడ్డకు నలుగురూ కూడాకే పేరు పెడతారు కదా, అలాగే ఆగాం.

పదకొండు నెలలు వెతికి పట్టుకున్న గంట ఇది: ప్రతి అమావాస్య, మధ్యాహ్నం మూడు నుంచి నాలుగు. అమావాస్య నాడు అడ్డా మీద సిమెంటు కలవదు, మేస్త్రీ ఏ మతంవాడైనా ఆ రోజు సెలవే. మూడు గంటలకు మధ్యాహ్నం ఆర్డర్లు తగ్గుతాయి. అక్కలకు పొద్దుటి ఇళ్లకూ సాయంత్రపు ఇళ్లకూ మధ్య సందు అదే. రాత్రి డ్రైవర్లు అప్పటికి నిద్ర లేస్తారు. ఆఫీసులవాళ్లు ఆ పూట సెలవు పెట్టాలి. షాపు పిల్లలకు ఈ గంట ఇంకా కుదరలేదు, వాళ్ల పేర్లు పుస్తకంలో రాసి ఎదురుగా చోటు ఖాళీగా ఉంచుతున్నాం. రాత్రి షాపు కట్టేశాక ఇద్దరం వెళ్లి ఆ రోజు ఏమనుకున్నామో వాళ్లకు చెబుతాం.

రండి. మీ పేరు, మీ ఊరు, మీ బస్తీ చెప్పండి. మీతో నిత్యం కలిసి నిలబడే మనిషి పేరు తెలియకపోతే వచ్చేముందు అడిగి తెలుసుకోండి, వీలైతే వెంట తీసుకురండి. చాపలు మేము పరుస్తాం. చాయ్ డబ్బులు ఎవరివి వాళ్లవి, ఆ రోజు పని దొరకనివాళ్లవి సంఘానివి.